సలహా అన్నారు, ఆదేశం అన్నారు: బ్రెగ్జిట్ తీర్పు అమలు మీద నడిచిన తగాదా

(ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, న్యాయశాస్త్ర, రాజనీతిశాస్త్ర విభాగాల అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. దేశాన్ని రెండుగా చీల్చిన ప్రజాభిప్రాయ సేకరణలో తీర్పు వచ్చాక దాన్ని ఎవరు, ఎలా, ఎంతవరకు అమలు చేయాలన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. నాలుగు దేశాల ఉదాహరణలు పైపైన తడిమి వెళ్లడం కంటే ఒక్క బ్రిటన్‌నే తీసుకుని, ఆ ఓటింగు జరిగిన 2016 జూన్ 23 నుంచి 2020 జనవరి 31 దాకా అక్కడ నడిచిన తగాదాను కొంత దగ్గరగా చూడడం మేలని నాకు అనిపించింది. బ్రెగ్జిట్, అంటే ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం, మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఆర్థిక లెక్కలు అసలు ముట్టుకోను. ఆ తీర్పును అమలు చేసి తీరాలన్నవాళ్లూ, ఆపాలన్నవాళ్లూ కూడా ప్రజాస్వామ్యం పేరే ఎలా చెప్పగలిగారు, ఇద్దరికీ ఆ మాట అనే వీలు ఎక్కడ దొరికింది అన్నదే నా ప్రశ్న.

బ్యాలెట్ కాగితం మీద ఉన్నది ఒకే ప్రశ్న. యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, సమాఖ్య నుంచి వైదొలగాలా అని అడిగి, కింద రెండు గడులు ఇచ్చారు. వైదొలగాలన్నవారు 1,74,10,742 మంది, కొనసాగాలన్నవారు 1,61,41,241 మంది. శాతాల్లో చెప్పుకుంటే 51.9, 48.1. పోలింగు 72.2 శాతం, ఏడాది ముందు జరిగిన సాధారణ ఎన్నికల కంటే ఎక్కువ. ప్రాంతాలుగా విడదీసి చూస్తే ఇంగ్లండు, వేల్స్ వెళ్లిపోదామన్నాయి. స్కాట్లండు 62 శాతంతోనూ, ఉత్తర ఐర్లండు 55.8 శాతంతోనూ ఉందామన్నాయి.

ఓటు ఎవరికి ఉన్నదన్న సంగతి మనవాళ్లకు కొంత ఆసక్తి కలిగిస్తుంది. పార్లమెంటు ఎన్నికల ఓటర్ల జాబితానే దీనికీ ఆధారం చేసుకున్నారు గనుక, బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటు వచ్చింది. అంటే వరంగల్ నుంచో విజయవాడ నుంచో ఉద్యోగ వీసా మీద వెళ్లి, ఇంకా భారతీయ పాస్‌పోర్టుతోనే ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గానీ డాక్టరు గానీ పేరు నమోదు చేయించుకుని ఓటు వేయవచ్చు. ముప్ఫై ఏళ్లుగా లండన్‌లో కాపురముండి పన్నులు కడుతున్న ఫ్రెంచి పౌరురాలు మాత్రం వేయడానికి లేదు. ఐర్లండు, మాల్టా, సైప్రస్‌ల వారికి తప్ప సమాఖ్యలోని మరే దేశపు పౌరులకూ ఓటు లేదు. పదిహేనేళ్లకు మించి విదేశాల్లో ఉంటున్న బ్రిటిష్ పౌరులకూ అప్పుడు లేదు. చట్టప్రకారం ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే 'ప్రజలు చెప్పేశారు' అన్న మాట ఆ తరువాత ప్రతి వేదిక మీదా మోగింది కాబట్టి, ఆ ప్రజలు ఏ జాబితాలోని ప్రజలో ఒకసారి చూసుకోవడం అవసరం.

అసలు ముడి ఈ ఓటింగు కోసం చేసిన 2015 నాటి చట్టంలో ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2011లో, ఎన్నికల పద్ధతి మార్చాలా వద్దా అని బ్రిటన్‌లో ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. దానికోసం చేసిన చట్టంలో, మార్పుకు అనుకూలంగా ఎక్కువ ఓట్లు వస్తే మంత్రి కొత్త పద్ధతిని అమల్లోకి తెచ్చి తీరాలని స్పష్టంగా రాశారు. ప్రజలు వద్దన్నారు గనుక ఆ అవసరం రాలేదు. 1979లో స్కాట్లండుకు ప్రత్యేక శాసనసభ ఇవ్వాలా అని అడిగినప్పుడు మరో రకమైన షరతు పెట్టారు: ఎక్కువ ఓట్లు వస్తే సరిపోదు, జాబితాలో ఉన్న మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవునని ఉండాలి. అప్పుడు పోలైన వాటిలో 51.6 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లతో లెక్కిస్తే అది 32.9 శాతమే అయింది; శాసనసభ ఇరవై ఏళ్లు వెనక్కి పోయింది. అంటే ఫలితం కట్టుబాటు కావాలంటే ఎలా రాయాలో, పెద్ద మార్పుకు పెద్ద మెజారిటీ కావాలంటే ఎలా రాయాలో లండన్‌లో చట్టాలు రాసేవాళ్లకు తెలియని విద్య కాదు. 2015 చట్టంలో ఈ రెండూ లేవు. ఓటింగు ఎలా జరగాలో వివరంగా ఉంది. ఫలితం వచ్చాక ఎవరేం చేయాలో ఒక్క వాక్యం లేదు.

ఇది మరచిపోయి వదిలేసింది కూడా కాదు. నాలుగు ప్రాంతాల్లోనూ మెజారిటీ వస్తేనే వైదొలగాలన్న సవరణను స్కాటిష్ నేషనల్ పార్టీ సభ్యులు ప్రతిపాదించారు. దానికి జవాబుగా ఐరోపా వ్యవహారాల మంత్రి డేవిడ్ లిడింగ్టన్ 2015 జూన్‌లో కామన్స్ సభలో, ఇది ఓటింగు జరపడానికి మాత్రమే ఉద్దేశించిన బిల్లు అనీ, ప్రజాభిప్రాయ సేకరణ సలహా స్వభావం గలదనీ చెప్పారు. సలహాకు షరతులెందుకన్నది ఆ వాదన సారం. సవరణ వీగిపోయింది. పది నెలలు తిరిగేసరికి, 2016 ఏప్రిల్‌లో, అదే ప్రభుత్వం 93 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి ఇంటింటికీ ఒక కరపత్రం పంపింది. ఇది మీ నిర్ణయం, మీరు ఏది నిర్ణయిస్తే ప్రభుత్వం అది అమలు చేస్తుంది అని అందులో ఉంది. సభలో సలహా, గుమ్మంలో ఆదేశం. తరువాత మూడున్నరేళ్లు రెండు పక్షాలూ పట్టుకుని లాగిన తాడు ఇదే. ఒకరు హన్సార్డు (సభా చర్చల అధికారిక రికార్డు) పేజీ చూపించారు, మరొకరు కరపత్రం చూపించారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ప్రభుత్వం రాసిచ్చిన కాగితమే.

1979 నాటి 40 శాతం నియమాన్ని 2016 అంకెలకు వర్తింపజేస్తే ఏమయ్యేదో లెక్క కట్టవచ్చు: వైదొలగాలన్నవారు మొత్తం ఓటర్లలో 37 శాతం పైచిలుకే. కొనసాగాలన్న పక్షం ఈ లెక్కను చాలాసార్లు ఎత్తి చూపింది. నా దృష్టిలో ఆ వాదన నిలవదు. ఓట్లు లెక్కించాక పెట్టే షరతు షరతు కాదు. పైగా ఓడితే నియమం మార్చాలనిపించడం ఏ ఒక్క పక్షానికీ పరిమితమైన జబ్బు కాదనడానికి ఒక చిన్న ఉదంతం ఉంది. పోలింగు 75 శాతం దాటకుండా, గెలిచిన పక్షానికి 60 శాతం ఓట్లు రాకుండా ఉంటే మళ్లీ ఓటింగు పెట్టాలని పార్లమెంటు వెబ్‌సైటులో ఒక అర్జీ పెట్టారు. ఫలితం వచ్చాక దాని మీద నలభై లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి, దాదాపు అన్నీ ఓడిన పక్షంవే. ఆ అర్జీని ఓటింగుకు నెల ముందే పెట్టినది వైదొలగాలనే పక్షానికి చెందిన మనిషి, తమవాళ్లు ఓడిపోతారేమోనన్న భయంతో! వైదొలగాలన్న పక్షపు ప్రముఖ నాయకుడు నైజెల్ ఫరాజ్ కూడా ఫలితం 52, 48గా వస్తే వ్యవహారం ముగిసినట్టు కాదని ముందుగా అన్నవారే. సరిగ్గా ఆ అంకెలే వచ్చాయి, పక్షాలు మాత్రం తారుమారయ్యాయి.

ఇక న్యాయస్థానాల సంగతి. ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 50వ అధికరణం కింద నోటీసు ఇస్తే రెండేళ్ల గడువు మొదలవుతుంది. ఆ నోటీసును ప్రధాని థెరిసా మే, విదేశీ ఒప్పందాల విషయంలో రాజ్యాధికారం పేరిట మంత్రులకున్న విశేషాధికారంతో, పార్లమెంటు ప్రమేయం లేకుండా ఇవ్వదలచారు. వ్యాపారవేత్త జీనా మిల్లర్ మొదలైనవారు కోర్టుకు వెళ్లారు. 2016 నవంబరు 3న హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తులు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. మర్నాడు డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పేజీలో ఆ ముగ్గురి ఫోటోలూ వేసి, ప్రజాశత్రువులని పతాక శీర్షిక పెట్టింది. 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8-3 మెజారిటీతో అదే తీర్పును నిలబెట్టింది. 1972లో పార్లమెంటు చేసిన చట్టం వల్ల పౌరులకు వచ్చిన హక్కులను మంత్రులు ఒక ఉత్తరంతో తీసివేయలేరని చెప్పింది. ప్రజాభిప్రాయ సేకరణకు రాజకీయంగా ఎంత బరువున్నా, దాని చట్టపరమైన ఫలితం దాన్ని నిర్వహించిన చట్టంలో ఏముందో దాన్నిబట్టే ఉంటుందని చెప్పింది. 2011 చట్టానికీ 2015 చట్టానికీ ఉన్న తేడా అక్కడ పైకి వచ్చింది. న్యాయమూర్తులు ప్రజల తీర్పును కొట్టేశారన్న ప్రచారం పూర్తిగా తప్పు. సమాఖ్యలో ఉండాలా వద్దా అన్న జోలికే వాళ్లు పోలేదు. ఎవరి సంతకం చెల్లుతుందన్నదే వాళ్లు తేల్చారు.

అదే తీర్పులో మరో అంశం ఉంది, దానిమీద మన తెలుగువాళ్లకు పెద్దగా వివరణ అక్కరలేదు. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు శాసనసభల అధికారాలను తాకే చట్టాన్ని మామూలుగా వాటి సమ్మతి లేకుండా చేయరాదన్న సంప్రదాయం బ్రిటన్‌లో ఉంది. అది రాజకీయ సంప్రదాయమే తప్ప కోర్టులు అమలు చేసే నియమం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి ఉపసంహరణ ఒప్పందపు బిల్లుకు 2020 జనవరిలో మూడు శాసనసభలూ సమ్మతి నిరాకరించాయి. బిల్లు అయినా చట్టమైంది. మన రాజ్యాంగం 3వ అధికరణం కింద 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించడమూ, మరుసటి నెలలో పార్లమెంటు దాన్ని ఆమోదించడమూ ఈ గదిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు వ్యవహారాల మంచిచెడ్డలు వేరు. అభిప్రాయం అడగడానికీ, ఆ అభిప్రాయానికి కట్టుబడడానికీ మధ్య రాజ్యాంగం కావాలనే వదిలిన ఖాళీ మాత్రం రెండుచోట్లా ఒకటే.

కోర్టు తీర్పు తరువాత పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లులో ఉన్నవి రెండే సెక్షన్లు. 2017 ఫిబ్రవరి 1న రెండవ పఠనంలో 498-114 ఓట్లతో అది నెగ్గింది. సభ్యుల్లో అత్యధికులు ఏడాది క్రితం సమాఖ్యలో కొనసాగాలని ప్రచారం చేసినవారే. కన్సర్వేటివ్ పార్టీ నుంచి వ్యతిరేకంగా ఓటేసినది కెనెత్ క్లార్క్ ఒక్కరే. సభ్యుడు తన నియోజకవర్గానికి తన వివేకాన్ని అప్పు పడి ఉంటాడే గాని, వాళ్లు చెప్పినట్టల్లా ఆడే వకాల్తాదారు కాడని 1774లో బ్రిస్టల్ ఓటర్లకు ఎడ్మండ్ బర్క్ చెప్పిన సిద్ధాంతాన్ని ఆ రోజు ఎంతోమంది తలచుకున్నారు. వారన్ హేస్టింగ్స్ మీద అభియోగం నడిపిన మనిషిగా మనకు తెలిసిన బర్కే ఆయన. ఆ సిద్ధాంతం చెప్పిన ఆరేళ్లకు బ్రిస్టల్‌లో ఆయన గెలిచే ఆశ లేక పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చిందన్న సంగతి సభ్యులకు ఇంకా బాగా తెలుసు.

నా అభిప్రాయంలో, 2016 ఓటు సలహాయే అన్న వాదనకు ఆ సాయంత్రంతో కాలం చెల్లింది. సలహాను స్వీకరిస్తున్నామని పార్లమెంటు స్వయంగా, నాలుగు రెట్ల మెజారిటీతో చెప్పింది. కానీ దేన్ని స్వీకరించింది? వైదొలగడమంటే ఉమ్మడి మార్కెట్టులో ఉంటూ సభ్యత్వం వదులుకోవడమా, సుంకాల కూటమిలో ఉండడమా, ఏ ఒప్పందమూ లేకుండా బయటికి నడవడమా? బ్యాలెట్ కాగితం చెప్పలేదు, బిల్లు చెప్పలేదు, సభ అడగలేదు. 2017 మార్చి 29న నోటీసు వెళ్లింది, రెండేళ్ల గడియారం మొదలైంది. ముహూర్తం పెట్టుకుని సంబంధం వెతకడానికి బయలుదేరినట్టయింది. పార్లమెంటు చేసిన పెద్ద తప్పు తరువాత ఒప్పందాలను తిరస్కరించడం కాదు, గమ్యం తేలకుండా గడువుకు ఒప్పుకోవడం అని నేననుకుంటాను. దానిపైన ప్రధాని థెరిసా మే ఆ ఏడాది జూన్‌లో ముందస్తు ఎన్నికలకు వెళ్లి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. రెండు పెద్ద పార్టీలూ తీర్పును గౌరవిస్తామనే మానిఫెస్టోల్లో రాశాయి. ఆ మాటమీద గెలిచిన సభలో ఏ ఒక్క రూపానికీ మెజారిటీ లేదు.

దాని పర్యవసానం 2019 జనవరి 15 రాత్రి కనిపించింది. ఐరోపా సమాఖ్యతో కుదుర్చుకుని ప్రధాని మే తెచ్చిన ఒప్పందం 432-202 ఓట్లతో ఓడిపోయింది. ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వమూ అంత తేడాతో సభలో ఓడిపోలేదు. ఆ 432లో ప్రధాని సొంత పార్టీవారు 118 మంది. ఇది మరీ మెత్తని బ్రెగ్జిట్ అన్నవాళ్లూ, అసలు బ్రెగ్జిట్టే వద్దన్నవాళ్లూ ఒకే ఓటింగు లాబీలోంచి నడిచారు. మార్చి 12న మళ్లీ ఓటమి. మూడోసారి పెట్టబోతే స్పీకరు జాన్ బెర్కో, ఒకసారి సభ తేల్చిన ప్రతిపాదనను అదే సమావేశాల్లో మార్పు లేకుండా మళ్లీ తేరాదని 1604 నాటి సంప్రదాయం చూపించి అడ్డుపడ్డారు. ఇందులోని చిక్కు చూడండి: ప్రధాని ఒకే ప్రశ్నను సభ ముందు పదే పదే పెట్టడం తప్పయితే, ప్రజల ముందు రెండోసారి పెట్టాలన్న వాదన సంగతేమిటి? పెట్టవచ్చన్నవాళ్లు ఐర్లండును చూపించారు. లిస్బన్ ఒప్పందాన్ని 2008లో కాదన్న ఐర్లండు ప్రజలు 2009లో అవునన్నారు. కూడదన్నవాళ్లు చూపించిందీ ఐర్లండునే, నచ్చిన జవాబు వచ్చేదాకా ఐరోపా అడుగుతూనే ఉంటుందని.

మార్చి 27న సభ తానే దారి వెతకడానికి పూనుకుంది. మామూలుగా సభ్యులు రెండు లాబీల్లోకి నడిచి ఓటేస్తారు. ఆ సాయంత్రం ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, ఎనిమిది ప్రత్యామ్నాయాల ఎదురుగా అవునో కాదో గుర్తు పెట్టడానికి అరగంట సమయం ఇచ్చారు. ఎనిమిదీ ఓడిపోయాయి. ఏప్రిల్ 1న నాలుగు పెట్టారు. నాలుగూ ఓడాయి, సుంకాల కూటమి ప్రతిపాదన మూడే మూడు ఓట్ల తేడాతో. కుదిరిన ఏ ఒప్పందాన్నైనా ప్రజల ఆమోదానికి పెట్టాలన్న ప్రతిపాదన పన్నెండు ఓట్లతో పోయింది. తమ మొదటి కోరిక నెరవేరే ఆశ ఉన్నంతవరకు రెండో కోరికకు ఎవరూ ఓటు వేయలేదు. ఒకే ప్రశ్నకు రెండే జవాబులిచ్చి 2016లో ప్రజల దగ్గర దాచిన సంక్లిష్టత అంతా సభలో ఆ కాగితం మీద తేలింది. అంతకు వారం ముందు ప్రధాని టీవీలో దేశప్రజలతో, నేను మీ పక్షాన ఉన్నాను, ఆటంకం పార్లమెంటే అన్న ధోరణిలో మాట్లాడారు. పార్లమెంటరీ వ్యవస్థలో ప్రధాని అనకూడని మాట అది. ఆమె అధికారం ఆ సభ నుంచే వచ్చింది.

మే తరువాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ హయాంలో తగాదా మరింత పచ్చిగా మారింది. పొడిగించిన గడువైన అక్టోబరు 31 దగ్గర పడుతుండగా పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేశారు, అంటే సమావేశాలు ఆపించారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. ఒప్పందం లేకపోతే గడువు పొడిగింపు కోరాలని పార్లమెంటు అంతకుముందే చట్టం చేసింది. దానికి తోడ్పడిన 21 మంది కన్సర్వేటివ్ సభ్యులను పార్టీ నుంచి వెలివేశారు. ఫిరాయింపుల చట్టం అక్కడ లేదు గనుక సభ్యత్వం పోలేదు; మన దగ్గరైతే విప్ ధిక్కరించినందుకు సీట్లే పోయేవి, ఆ చట్టం పుట్టేదే కాదు. అక్టోబరు 19న జాన్సన్ ఆ చట్టం కోరిన ఉత్తరాన్ని పంపించారు, సంతకం మాత్రం చేయకుండా. దానితోపాటు పొడిగింపు తనకు ఇష్టం లేదని సంతకంతో మరో ఉత్తరం జత చేశారు. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుంటే ఈ తగాదా మొత్తం కంటికి కనిపిస్తుంది: ఒకటి పార్లమెంటు ఆదేశం, మరొకటి 1.74 కోట్ల ఓట్ల పేరిట దానికి ధిక్కారం.

ముడి విప్పింది 2019 డిసెంబరు 12 ఎన్నిక. జాన్సన్ పార్టీకి 43.6 శాతం ఓట్లు, 365 స్థానాలు. మళ్లీ ప్రజలను అడగాలన్న పార్టీల ఓట్లన్నీ కూడితే సగానికి కొద్దిగా ఎక్కువే అవుతాయి. అయినా ఈసారి ఫలితాన్ని ఎవరూ కాదనలేదు. నియోజకవర్గానికి ఒకరు, ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు అన్న పద్ధతి న్యాయమైనదని అందరూ ఒప్పుకుని కాదు. గెలుపేదో, గెలిచినవారికి ఏం చేసే అధికారం వస్తుందో ముందే అందరికీ తెలుసు గనుక. 2015 చట్టం ఇవ్వనిది సరిగ్గా అదే. 2020 జనవరి 31 రాత్రి పదకొండు గంటలకు బ్రిటన్ బయటికి వచ్చింది.

ఉత్తర ఐర్లండు విషయం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడ తగాదా ఇంకా నడుస్తోంది. అక్కడి హింసకు తెరదించిన 1998 నాటి గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందమూ ప్రజాభిప్రాయ సేకరణతోనే ఆమోదం పొందింది. ఉత్తర ఐర్లండులో 71.1 శాతం అవునన్నారు. ఓటుకు ముందే ఒప్పందం పూర్తి పాఠాన్ని అచ్చువేసి ప్రతి ఇంటికీ పంపారు. ఏం జరగబోతోందో చదివి మరీ ఓటేశారు. ఆ ఒప్పందం ఛాయలో ఐర్లండు ద్వీపం మధ్యనున్న సరిహద్దులో సైనిక కాపలాలు పోయాయి. 2016 ఓటు అదే గీతను ఐరోపా సమాఖ్య సరిహద్దుగా మార్చింది. అక్కడ తనిఖీలు పెడితే 1998 స్ఫూర్తి దెబ్బతింటుంది, ఐరిష్ సముద్రం మీద పెడితే బ్రిటన్‌లో ఒక భాగం మిగతా దేశం నుంచి వేరుపడినట్టవుతుంది. జాన్సన్ ఒప్పందం సముద్రాన్నే ఎంచుకుంది. 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో దాన్ని కొంత సడలించారు. సముద్రాన్ని ఎంచుకున్నందుకు బదులుగా, ఈ ఏర్పాటు కొనసాగాలా వద్దా అని ఉత్తర ఐర్లండు శాసనసభ ఎప్పటికప్పుడు తేల్చుకునే హక్కు జాన్సన్ ఒప్పందంలోనే రాశారు. సాధారణ మెజారిటీ వస్తే నాలుగేళ్లు చెల్లుతుంది. ఐర్లండులో కలవాలనే పక్షం, బ్రిటన్‌లోనే ఉండాలనే పక్షం రెండూ ఒప్పుకుంటే ఎనిమిదేళ్లు. ఈసారి ఏ మెజారిటీకి ఏ ఫలమో ముందే రాసిపెట్టారన్నమాట. 2024 డిసెంబరు 10న మొదటిసారి ఓటింగు జరిగింది. 48-36తో నెగ్గింది, బ్రిటన్‌లోనే ఉండాలనే యూనియనిస్టులు మాత్రం వ్యతిరేకంగా ఓటేశారు. ముఖ్యమైన విషయాల్లో రెండు పక్షాల సమ్మతీ ఉండాలన్న 1998 సూత్రానికి ఇది విరుద్ధమని వాళ్ల వాదన. సంఖ్య సరిపోయిందన్నది అవతలి వాదన. నాలుగేళ్ల గడువు పడింది కాబట్టి, ఇదే ప్రశ్న ఆ సభ ముందుకు 2028లో మళ్లీ వస్తుంది.